నల్లబడే పట్టీ

పోయిన వారం పిల్లల ఫోన్లలోకి ప్రశ్నలొచ్చాయి.
మొత్తం ఇరవై రెండు.
చేతులు ఎన్నిసార్లు కడుగుతావు,
మాస్కు ఎన్నాళ్లకు మారుస్తావు,
రోగి దగ్గితే ముందు ఏం చేస్తావు.
నాకు రాలేదు.
నేను విద్యార్థిని కాదు,
అరెకీపా దంతవైద్య కళాశాల నేలమాళిగలో
పనిముట్లు ఉడకబెట్టేదాన్ని.
పంతొమ్మిదేళ్లుగా.

పైన ఎండలో తెల్లరాతి గోడలు,
అగ్నిపర్వతం నోట్లోంచి ఊడిపడ్డ పళ్లు.
కింద నాకు ఆవిరి, క్లోరిన్ ఘాటు,
జానెడు కిటికీలో పోయేవాళ్ల బూట్లు.
మార్చిలో బూట్లు ఆగిపోయాయి.
అక్టోబరులో మళ్లీ వచ్చాయి,
పసుపు గీతల దగ్గర ఆగి ఆగి,
కొత్తగా నడక నేర్చినట్టు.

ఎదిల్బెర్తో మెట్ల మీద కూర్చుని
మాస్కుని గడ్డం కింద ఊయల కట్టి
జున్ను రొట్టె నములుతూ
"ఎల్లప్పుడూ" నొక్కాడు,
మళ్లీ "ఎల్లప్పుడూ",
చూడకుండానే ఇంకో "ఎల్లప్పుడూ".
నేనేమీ అనలేదు.
జూలైలో ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకుంటూ
తెల్లవార్లూ లైన్లో నిలబడ్డ పిల్లాడు వాడు.
తెలియక కాదు.
తెలిసినదాన్ని రోజంతా మోస్తే
ముఖం కూడా అలిసిపోతుంది.

నైదా మాస్కు అంచున పెన్సిలు గీతలు.
రోజుకొకటి.
మూడు చూశాను, నాలుగోదీ చూశాను.
ఐదో రోజు సొరుగు తెరిచి ఉంచి
నీళ్లు పట్టుకొస్తానని వెళ్లాను.
తిరిగొచ్చేసరికి ఒకటి తగ్గింది.
దీన్ని ఏమంటారని
ఆ ఇరవై రెండింటిలో ఎక్కడా అడగలేదు.

డాక్టర్ బెదోయా నోటీసు బోర్డుకి కాగితం గుచ్చారు:
నూటికి తొంభై మూడు మందికి అవగాహన పుష్కలం.
మంచిదే.
నేను చెత్తడబ్బాలో చేతితొడుగులు లెక్కపెట్టాను.
సోమవారం నలభై మంది రోగులు, ముప్పై ఒక్క జత.
గురువారం అంతే మందికి యాభై ఎనిమిది.
బుధవారం రాత్రి
మూడో సంవత్సరం పిల్ల ఎవరో ఆసుపత్రిలో చేరిందట.

ప్రతి పొట్లానికీ నేనో పట్టీ అంటిస్తాను.
లోపలికి వెళ్లేటప్పుడు పాలిపోయి ఉంటుంది.
వేడి నిజంగా తగిలితేనే
దాని చారలు నల్లబడతాయి.
మొహమాటానికి నల్లబడవు,
మార్కుల కోసం నల్లబడవు.
మనిషికైతే ఎక్కడ అంటించాలో,
మణికట్టుకా, నాలుకకా?

సాయంత్రం నైదా ట్రే పట్టుకుని దిగింది,
ముక్కు మీద మాస్కు కోసిన ఎర్ర గాడి.
"బస్తాలు మోసే ముసలాయన, దోన్యా సెవేరా.
బుగ్గ ఇంత వాచిపోయి వచ్చాడు.
ఏడు నెలల తర్వాత మొదటిసారి డ్రిల్లు పట్టాను.
తుంపర లేచింది.
దీపం వెలుతురులో ఒక్కో చుక్కా కనిపించింది.
ఈయన నోరు మూసేస్తే బాగుండు అనుకున్నాను.
పళ్ల డాక్టర్ని కాబోయేదాన్ని,
నోరు మూసేస్తే బాగుండు అనుకున్నాను."
"మరి మూయించావా?"
"లేదు. పూర్తి చేశాను.
చేతులు వణికాయి, పన్ను మాత్రం బాగానే వచ్చింది."

కాసేపు యంత్రం బుసకొట్టింది.
తర్వాత ఫోను తీసి
పదిహేడో ప్రశ్న నన్నడిగింది:
రోగికి దగ్గరగా మెలగాలంటే భయమా?
అవును, కాదు, కొంచెం.
నా దగ్గరికి రోగులు రారమ్మా, అన్నాను,
వాళ్ల నెత్తురంటిన ఇనుమే వస్తుంది.
ఒక తొడుగు చాలని తెలుసు.
రెండు వేసుకుంటాను.
ఇంటికెళ్లాక మనవరాలు తలుపు తీస్తే
నా చేతులు వీపు వెనక దాక్కుంటాయి.
దీనికి గడి ఉందా?

వెతికింది. లేదు.

యంత్రం ఆగింది. మూత తీశాను.
పొట్లం మీదికి వంగి చూసి
"నల్లబడింది," అంది.
"నల్లబడింది," అన్నాను.
ఇద్దరం చెరో కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాం.
తను స్పానిష్‌లో ఇరవై దాకా లెక్కపెట్టింది.
నేను మా అమ్మ నేర్పిన కెచువాలో మొదలుపెట్టి
పదమూడు దగ్గర తప్పి
మళ్లీ ఒకటి నుంచి.